ఇంకా సున్నాయే

పదకొండోసారి.
పవర్ బటన్ నొక్కి చేతులు చంకల్లో దాచుకున్నాను.
కిటికీ కావాలనే తెరిచిపెట్టాం,
కార్డుకి చలి పట్టుకుంటే గానీ తప్పు బయటపడదు.
అవతల గ్దాన్‌స్క్ రేవులో
క్రేన్లు మంచులోకి మెడలు చాచి నిలబడ్డాయి.
ఆఖరి ట్రామ్ వెళ్ళి గంట దాటింది.

బల్ల మీద, పెట్టెలేని మదర్‌బోర్డులో
నిలువునా గుచ్చిన గ్రాఫిక్స్ కార్డు.
దాని కడుపులో మరో బుల్లి ప్రాసెసర్,
అది ముందు లేవాలి,
లేచి మిగతావాళ్ళని లేపాలి.

డ్రైవర్ ఏం చేస్తుందో నాకు కంఠతా వచ్చు, రాసింది నేనే.
ఫర్మ్‌వేర్‌ని మెమరీలోకి మోసుకెళ్తుంది,
సంతకం సరిచూడమంటుంది,
రీసెట్ గొళ్ళెం తీస్తుంది,
ఆపైన ఒకే ఒక్క రిజిస్టర్ ముందు చతికిలబడి
లేచావా, అంటుంది.
సున్నా.
లేచావా.
సున్నా.
మిల్లీసెకనుకోసారి,
వాకిట్లో కూర్చున్న అప్పులవాడిలా.

నూరు లెక్కపెట్టాక
దుమ్ము దులుపుకుని లేచిపోతుంది.
లాగ్‌లో ఒక్క ముక్క:
ఫర్మ్‌వేర్ పలకలేదు, విరమిస్తున్నాను.
తెర నల్లగానే.

ఆ ముక్క కూడా నాదే.
మూడేళ్ళ కిందట ఏదో శుక్రవారం సాయంత్రం,
కోటు వేసుకుంటూ రాసి ఉంటాను.
నూరు అనే అంకె ఎక్కణ్ణుంచి తెచ్చానో
ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు.
గుండ్రంగా ఉందని పెట్టానేమో.

బొజిదార్ పెద్దగా మాట్లాడడు.
మాట అతని పెదవుల దాకా వచ్చి
చెప్పులు వెతుక్కుంటుంది.
మీటింగుల్లో అతను "మె... మె..." అనగానే
ఎవరో ఒకరం "మెమరీయా?" అని అందిస్తాం.
అతను అనబోయింది మెమరీ కాకపోయినా
తల ఊపేస్తాడు.
నేనూ అందించినదాన్నే, ఎన్నోసార్లు,
అదో సాయమనుకుని.

ఈ రాత్రి ఇద్దరమే ఉన్నాం.
వెంట్రుకంత తీగని చిప్ కాలికి అతికించి
ఆసిలోస్కోప్ పచ్చగీత వైపు కళ్ళప్పగించాడు.
పన్నెండోసారి.
సున్నా, సున్నా, సున్నా.
లాగ్‌లో నా వాక్యం వచ్చి కూర్చుంది.
బటన్ మీదికి వేలు పోతుంటే
అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

చదునుగా నడుస్తున్న గీత మీద
నూట ముప్ఫై ఏడో మిల్లీసెకను దగ్గర
ఓ చిన్న గూని.

"ప..." అన్నాడు.
పవరా, పల్సా, పనిచేసిందా,
నా నాలుక చివర మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి.
పళ్ళ మధ్య బిగబట్టుకున్నాను.
గ్లాసులో నిమ్మచెక్క అడుక్కి దిగింది.
"ప... పలికింది.
నువ్వు వె... వెళ్ళిపోయాక పలికింది."

అంతే సంగతి.
చలికి బిగుసుకుపోయిన మెమరీతో
తీగ తీగకీ శ్రుతి కలుపుకునేసరికి
దానికి కాస్త పొద్దుపోయింది.
పలికింది పాపం, ఖాళీ గదిలో.

నూరు కొట్టేసి రెండు వేలు రాశాను.
ఇంత చిన్న మార్పుకి కారణం రాయమంటుంది మా పద్ధతి.
నాలుగు పేరాలు రాసి, చెరిపేసి,
చలిలో ఆలస్యంగా పలుకుతుంది, ఆగాలి,
అని మాత్రం ఉంచాను.
బూట్ మందగించిందని లూత్‌గార్దా సోమవారం నిలదీస్తుంది,
నిలదీయనీ.

పదమూడోసారి.
సున్నా.
నూరు దాటింది. ఇంకా సున్నాయే.
ఈలోగా బొజిదార్ "కి..." అన్నాడు.
అతని వైపే తిరిగి కూర్చున్నాను.
నా వీపు వెనక తెర వెలిగిందని
అతని కళ్ళద్దాల్లో తెలిసింది,
అయినా తిరగలేదు.
"కి... కి... కిటికీ
మూసెయ్యొచ్చా ఇక?"

ఇంకొక్కసారి చూద్దాం, అన్నాను.
అతను మఫ్లర్ మరో చుట్టు చుట్టుకున్నాడు.